తన్నే పిల్ల కోసం చర్ల దాకా

పోయిన నెల ఒకనాడు పొద్దుగాల జోగమ్మ ఫోన్ చేసింది. "అక్కా, నేను రిటైరైతున్న. పిల్లలు ఏందో సన్మానం అని పట్టు పట్టిన్రు. నువ్వొచ్చి రెండు మాటలు చెప్పాలె" అన్నది. తప్పకుండ వస్తనన్న. నేను రిటైరై ఏడాదైంది. ఖమ్మంల ఒక సర్కారు ఆఫీసుల గుమస్తాగ చేరి, సూపరింటెండెంటుగ దిగిన. నా ఆఖరి రోజు ఒక శాలువ కప్పిన్రు, ఒక గోడ గడియారం ఇచ్చిన్రు, ఫొటో దిగి నాలుగున్నర బస్సుకు ఎవరి తొవ్వ వాళ్లు పట్టిన్రు. జోగమ్మకేమో చర్ల కాడి ఆమె స్కూల్ల టెంటు వేస్తున్నరట, భద్రాచలం నుంచి బ్యాండు వస్తదట, ఆమె చేతికింద ఆట నేర్చుకొని నౌకర్లు తెచ్చుకున్న ఆడపిల్లలు ఎక్కడెక్కడి నుంచో దిగుతున్నరట. అరవై దాటిన మనిషి, పత్రికలల్ల నాలుగు కథలు అచ్చయిన మనిషి, కుళ్ళు అన్న మాట తన గురించి రాసుకునేది కాదు. కానీ ఇంకో మాట దొరుకుతలేదు. జోగమ్మంటే నాకు వయసుల ఉన్నప్పటి సంది కుళ్ళే. ఆమెను వెతికి తెచ్చిన ఇద్దరిల్ల ఒకదాన్ని నేనే, అదొకటి.

మా సొంతూరు ముదిగొండ పక్కన. నాయిన కాంపౌండరు. చర్ల దవాఖానకు బదిలీ అయినప్పుడు నాకు ఆరేండ్లు. రెండేండ్లల్ల వెనక్కి పోదాం, మూడేండ్లల్ల పోదాం అనుకుంటనే ఆయన నౌకరంత అక్కడనే వెళ్లిపోయింది. దవాఖాన వెనుక రెండర్రల క్వార్టరు మాది. పొద్దున లేవంగనే నాయిన కిరోసిన్ స్టవ్ మీద స్టీలు డబ్బల సూదులు ఉడకబెట్టేటోడు. అవి దించినంక అదే మంట మీద అమ్మ చాయ్ పెట్టేది. అందుకో ఏమో, మా ఇంటి చాయ్‌కి ఎప్పుడూ ఇంత స్పిరిట్ వాసన ఉన్నట్టనిపించేది. ఎండాకాలం ముంగట ఇప్పపువ్వు రాలే రోజులల్ల ఆ పువ్వు ముందట స్పిరిట్ వాసన కూడ ఆగకపోయేది. ఎవరి వాకిట్ల చూసినా చాపల మీద పువ్వు ఎండుతుండేది, ఊరంత తియ్యగ, కొంచెం పులిసినట్టు. అమ్మ మధ్యాహ్నం పూట గోడకు ఒరిగి అడ్డాకులతోని విస్తర్లు కుట్టేది. నాయిన అన్నం ముందట మాట్లాడకపోయేటోడు. కూర బాగుంటే రెండోసారి వేసుకునేటోడు, బాగలేకుంటే వేసుకోకపోయేటోడు. మెచ్చుకునుడంటే గంతే ఆయనకు. నేను ఆటల పోటీలల్ల గెలిచి కప్పు తెస్తే, అది చేతిల తిప్పి చూసి, "మూత ఉన్నదా దీనికి?" అని అడిగిండు.

లోపలి ఊళ్ల నుంచి దవాఖానకు వచ్చేటోళ్లది కోయ మాట. నాయినకు ఎన్నేండ్లైనా అది నోరు తిరగలేదు. నాకు ఆ పిల్లలతోని ఆడి, వాళ్లతోని ఏట్ల ఈతకొట్టి, అన్నం తిన్నంత సులువుగ వచ్చింది. పదేండ్లప్పటి సంది నాయిన కుర్చీ పక్కన నిలబడి అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పేదాన్ని. "బిడ్డా, ఎన్నడి సంది జొరమో అడుగు" అనేటోడు. నేను అడిగేదాన్ని. ఒకసారి ఒక ముసలామె ఏదో గొణిగితే నాకు సమజు కాక, నా సొంతంగ "రెండు రోజులట" అని చెప్పేసిన. నాయిన కనిపెట్టిండు. కొట్టలేదు. పక్కకు తీసుకపోయి, "చూడు, వాళ్లు చెప్పింది ఉన్నదున్నట్టు చెప్పు. నీ మాట ఒక్కటి కలిపినా నేనిచ్చే మందు తప్పైతది" అన్నడు. ఆ తర్వాత చాన ఏండ్లు నేను ఒక్క మాట కూడ కలపలేదు.

డిగ్రీకి ఖమ్మం పోయిన. ఆడపిల్లల కాలేజీ, హాస్టల్. అక్కడ విమలా మేడం అని ఆటల మేడం ఉండేది. ముప్పై ఐదేండ్ల మనిషి, పెండ్లి చేసుకోలేదు, తెల్ల కాన్వాసు బూట్లు, మెడల విజిలు. ఆడపిల్లలకు ఖోఖో చాలదా అని అందరు నవ్వుతున్నా ఆమె పట్టుబట్టి ఫుట్‌బాల్ టీం పెట్టింది. చర్ల ఆశ్రమ పాఠశాల గ్రౌండుల మగపిల్లలతోని తన్ని తన్ని నేర్చుకున్నదాన్ని కాబట్టి నేను పోంగనే ఆమె కండ్లల్ల పడ్డ. ఫ్రీకిక్ నేనే, కార్నర్ నేనే, పెనాల్టీ నేనే. బంతి పెట్టి మూడడుగులు వెనక్కి నడుస్తుంటే మిగిలిన పదిమంది ఊపిరి బిగబట్టి నా కాలునే చూసేటోళ్లు. ఆ మూడడుగులకు నేను బానిసైన. ఇంట్ల దొరకంది ఏదో అక్కడ దొరికేది.

మొదటి ఏడు వరంగల్ల యూనివర్సిటీ పోటీలకు పోయి ఓడిపోయి వచ్చినం. ఆఖరికి పెనాల్టీ నాకే వచ్చింది. నా తన్నుల ఒడుపు ఉండేది గని బలం లేకుండె. బంతి మెల్లగ పోయి గోలు కాసే అవతలి గోలీ చేతులల్ల కూసున్నది. అవతలి గోలీ అదే బంతిని చేతుల నుంచి ఇడిసి, కింద పడకముందే తన్ని మా గోలు ముందర పడేసింది. వాళ్ల పిల్ల ఒకతి దాన్ని గోలుల తోసింది. రైల్ల వాపసు వస్తుంటే మేడం నన్ను ఒక్క మాట అనలేదు. ఖమ్మం స్టేషన్ల దిగినంక మాత్రం, "మనకు ఉరికేటోళ్లున్నరు, తన్నేటోళ్లు లేరు. వెతకాలె" అన్నది. నేనున్న గదా అని నోటిదాక వచ్చింది. మింగిన.

గట్ల ఆ ఏడు ఎండాకాలం నేనూ మేడం తన్నేటోళ్ల కోసం ఊళ్లు తిరిగినం. వల సంచిల బంతి ఏసుకొని నేను, గొడుగు పట్టుకొని మేడం. ముదిగొండ, మధిర, సత్తుపల్లి, ఏ ఊళ్ల జూనియర్ కాలేజీ ఉంటే ఆ ఊరు. ఇంటర్ చదివే పిల్లలను, చదివి ఇంట్ల కూసున్నోళ్లను వరుసగ నిలబెట్టి తన్నమనేది. లంగా ఓణీలల్ల పిల్లలు సిగ్గుపడుకుంట తంతే బంతి కంటే చెప్పు ఎక్కువ దూరం పోయేది. మధిరల ఒక పిల్ల తల్లి ఉరికొచ్చి, "ఏవండీ, మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నామండీ, కాలు బెణికితే ఎవరు చేసుకుంటారు?" అని చెయ్యి పట్టి గుంజుకపోయింది. మేడం కండ్లు మూసుకొని కాలు తగిలిన చప్పుడే వినేది. విని, తల అడ్డంగ ఊపేది. ఆమె తల అడ్డంగ ఊపినప్పుడల్లా నా కడుపు సల్లగైతుండె. ఊరు ఊరుకు నాకు హుషారు పెరిగింది. ఆఖరికి నేనే, "మా చర్ల రాండ్రి మేడం, భద్రాచలంల దర్శనమూ అయితది, పర్ణశాల చూసుకుంట పోదాం" అన్న. మా ఇల్లు చూపెట్టుకోవాలె, మేడం మా ఇంట్ల అన్నం తినాలె. నా లోపల ఉన్నది గదే.

దుమ్ముగూడెం దాటినంక బస్సు గుంతలల్ల దిగి ఎక్కి, ఎర్ర దుమ్ము కొట్టుకొని చర్లల దిగినం. అమ్మ గోదావరి చేప పులుసు పెట్టింది. తిని మేడం, నాయిన అరుగు మీద కూసున్నరు. పక్క గ్రౌండుల పంతుళ్లు వాలీబాల్ ఆడుతున్నరు. ఆ టైముకు జోగమ్మ వచ్చింది. నాలుగు మైళ్ల లోపలి ఊరు వాళ్లది. మా ఇంటికి వారం వారం అడ్డాకులు తెచ్చేది. భద్రాచలంల హాస్టల్ల ఉండి ఇంటర్ పాసైంది, అక్కడికి ఆగిపోయి ఇంటి పట్టున ఉంటున్నది. నా కంటే ఒక్క ఏడు చిన్న. నెత్తి మీద ఆకు మోపు, దాని మీద ఒక చెయ్యి. పంతుళ్ల బంతి కంచె దాటి దొర్లుకుంట ఆమె ముందటికి వచ్చింది. ఆమె మోపు దించలేదు. ఒక్క అడుగు పక్కకు జరిగి ఉత్త కాలుతోని తన్నింది. బంతి కంచె మీంచి, పంతుళ్ల నెత్తుల మీంచి, వల మీంచి పోయి అవతలి గోడకు తగిలింది. ఆమె మా వాకిట్లకొచ్చి మోపు దించి, "అమ్మా, ఆకులు" అన్నది.

మేడం లేచి నిలబడ్డది. "ఇంకోసారి తన్ను బిడ్డా" అన్నది. నా వల సంచిల బంతి నేనే తీసి ఇచ్చిన. జోగమ్మ తన్నింది. చేతిల నుంచి ఇడిసి గాల్లనే తన్నమంటే అట్ల కూడ తన్నింది, గ్రౌండు ఈ మూల నుంచి ఆ మూలకు. మేడం కండ్లు మూసుకొని వింటూ నవ్వుతున్నది. అదన్నా నేను ఓర్చుకుందును. నాయిన అరుగు దిగి వచ్చిండు. వంగి జోగమ్మ కాలు చూసిండు, మడమ, చీలమండ, పిక్క, గాయాన్ని చూసినట్టే చూసిండు. "ఇన్నేండ్ల సంది కాళ్లకు కట్లు కడుతున్న మేడం. గిసుంటి కాలు నేను చూడలే" అన్నడు. అదే గ్రౌండుల పదేండ్లు తన్నిన నేను. ఒక్కనాడు ఆయన నా కాలు దిక్కు చూడలేదు. ఆ పూట అమ్మ ఆకులు లెక్కపెడుతుంటే నేను తలకాయ నొస్తుందని చెప్పి లోపల పడుకున్న.

తెల్లారి వాళ్ల ఊరికి పోయినం. జోగమ్మ నీళ్లకు పోయిందట. వాళ్లమ్మ లచ్చమ్మ ఒక్కతే వాకిట్ల చేట పట్టుకొని ఇప్పపువ్వు చెరుగుతున్నది. ఆమెను అదే మొదటిసారి చూసుడు. నాయిన లేని పిల్ల జోగమ్మ, అన్న వేరుపడి ఉంటుండె. మేడం చాప మీద కూసొని, నన్ను పక్కన కూసోబెట్టుకొని మొదలుపెట్టింది. "లచ్చమ్మా, నీ బిడ్డను మూడేండ్లు నాకు ఇయ్యి. హాస్టల్, తిండి, చదువు సర్కారే చూసుకుంటది. పండుగలకు, పంట కోతకు నేనే బస్సెక్కించి పంపిస్త. నా సొంత చెల్లె లెక్క చూసుకుంట. రేపు పిల్లలకు ఆట నేర్పే నౌకరు వస్తది." మేడం మాట్లాడినంత సేపు లచ్చమ్మ నా మొఖమే చూస్తున్నది. మేడం నా దిక్కు తిరిగి, "చెప్పు పద్మా" అన్నది.

నేను కోయ మాటల చెప్పిన. మూడేండ్లు ఇంటికి పంపరట. భూమి పండుగ రానీ, కొత్తల పండుగ రానీ, ఎవరన్న పానం ఇడిసినా రానియ్యరట. మొగోళ్ల ముందట నిక్కర్లు వేసుకొని ఉరకాలెనట. కాలు ఇరిగితే ఇంటికి తోలేస్తరట. మాటలు చక్కగ, ఒకదాని ఎనుక ఒకటి వచ్చినయి. లచ్చమ్మ చేట పక్కన పెట్టి, చాన సేపు నన్ను చూసి, తల అడ్డంగ ఊపింది. పంపనన్నది. నేను మేడం దిక్కు తిరిగి, "పంపదట మేడం, ఇంటి పనికి మనిషి లేదట" అన్న. మేడం మొఖం చిన్నబోయింది. చీర దులుపుకొని లేస్తున్నది. నాకు లోపల ఎంత సంబురమైందో ఇయ్యాల రాయాలంటె కూడ సిగ్గైతుంది.

అప్పుడు వెదురు తడిక అవతల నుంచి జోగమ్మ వచ్చింది, చంకల బిందె. ఎంత సేపటి సంది నిలబడ్డదో. బిందె దించింది. చెంబుల నీళ్లు ముంచి మేడంకు ఇచ్చింది, నాకు ఇచ్చింది. తర్వాత తల్లి పక్కన గొంతుక్కూసొని వాళ్ల మాటల మెల్లగ చెప్పింది. మేడం చెప్పింది అది కాదని, ఆమె అన్న మాటలు అన్నట్టే చెప్పింది. ఇంకేదో చెవుల గూడ చెప్పింది, నాకు వినరాలేదు. లచ్చమ్మ మళ్లా చేట చేతిలకు తీసుకొని, మా దిక్కు చూడకుంట ఒక్క మాట అన్నది. జోగమ్మ తెలుగుల మేడంతోని, "అమ్మ పంపుతనన్నది" అన్నది. మేడం ఆశ్చర్యపోయి, "ఇప్పుడే వద్దన్నదట గదా?" అంటే, జోగమ్మ నా దిక్కు చూడకుంటనే, "అక్కకు మా మాట సగమే వస్తది మేడం. సమజు కాలేదేమో" అన్నది.

నా చేతిల చెంబు అట్లనే ఉన్నది. జోగమ్మ నా అబద్ధం చెప్పేస్తే అయిపోతుండె. చెప్పలేదు. పైగ నన్ను కాపాడింది. తప్పు చేసినదానికంటే, తప్పు దొరికినంక కాపాడబడినది ఎక్కువ మండుతది, అనుభవం మీద చెప్తున్న.

హాస్టల్ల నా అర్రలనే ఆమెకు మంచం వేసిన్రు. మొదలు గోలీగ తీసుకున్నది మేడం, చేతుల నుంచి తన్నే తన్ను కోసం. పోనీలే, గోలీ గోలు కాడ ఉంటది, ఫ్రీకిక్‌లు నావే అనుకున్న. రెండు నెలలు ఆ ధైర్యం మీద బతికిన. బూట్లు అలవాటు చేసేతందుకు మేడం ఆమె కాళ్లకు తనే దూది చుట్టేది. పొద్దున ఐదింటికి లేచి తనే గ్రౌండుకు తోలుకపోయేది. ఒకనాడు ఇంకొక పిల్లను గోలు కాడ నిలబెట్టి జోగమ్మను వెనుక వరుసలకు తెచ్చింది. గోలు ముందట ఫ్రీకిక్ వచ్చింది. నేను అలవాటుగ బంతి పెట్టి మూడడుగులు వెనక్కి నడిచిన. మేడం విజిలు ఊదింది. "పద్మా, జోగమ్మ తంతది. నువ్వు పక్కకు నిలబడు." నేను నిలబడ్డ. తర్వాత కార్నర్ పోయింది. ఆ తర్వాత పెనాల్టీ. ఒక్కొక్కటి పోతుంటే నాకు అన్నం సయించకపోయేది. రాత్రి ఆమె మంచం మీద పడంగనే నిద్రపోయేది. ఆ నిద్రను చూసినా కుళ్ళే.

నాయిన నెలకోసారి మందుల ఇండెంటు పని మీద ఖమ్మం వచ్చేటోడు. రెండు పొట్లాలు తెచ్చేటోడు, అమ్మ చేసిన సకినాలు, ఒకటి నాకు, ఒకటి జోగమ్మకు. సమానమే. కానీ హాస్టల్ గేటు కాడ నన్ను చూడంగనే "జోగమ్మ ఏది బిడ్డా, కాలు మంచిగున్నదా?" అని అడిగేటోడు. ఆమె కాలు వేలు చూసి, గోరు దగ్గర చీము పడుతుందని, ఉప్పు నీళ్లల్ల పెట్టమని చెప్పి పోయేటోడు. నేను పక్కన నిలబడి రెండు పొట్లాలల్ల ఏది బరువుగున్నదో చేతులతోని చూసుకునేదాన్ని. నాకు పందొమ్మిదేండ్లు అప్పటికి, చిన్నపిల్లను కాదు. ఇంత జరిగినా జోగమ్మ ఒక్కసారి కూడ ఆనాటి ముచ్చట తియ్యలేదు. తీస్తే బదులు చెప్పుకుందును, ఏడుద్దును, కొట్లాడుదును. ఆమె నాతోని మామూలుగ ఉండేది. నా జడ వేసేది. నా బట్టలు కూడ ఎండేసేది. అదంత ఆమె దయ అనుకొని, ఆ దయ కింద నలిగిపోయిన.

వరంగల్ల ఫైనల్ ఆడినం. ఒకటికి ఒకటి ఉన్నది. ఇంక కొద్ది సేపట్ల అయిపోతదనంగ మాకు పెనాల్టీ వచ్చింది. నిరుడు నేను పెనాల్టీ పోగొట్టింది ఆ గోలు కాడనే. జోగమ్మ బంతి తీసుకున్నది. నాకు ఎందుకో గట్టి నమ్మకం, ఆమె నాకు ఇస్తదని. ఇంత దయ చూపెట్టినామె ఇదొక్కటి ఇయ్యదా? ఆమె దిక్కు రెండడుగులు నడిచిన కూడ. ఆమె నన్ను చూసింది, బంతి కింద పెట్టింది, తన్నింది. గోలీ కదిలేలోపు వల ఉబ్బింది. పిల్లలందరు ఆమె మీద పడ్డరు. మేడం ఉరికొచ్చి ఆమె తలను రెండు చేతులల్ల పట్టుకొని ఏడ్చింది. నేను గెలిచిన టీంల మనిషినే. పోయి గ్రౌండు చివర నల్ల కాడ మొఖం కడుక్కుంట నిలబడ్డ.

కాసేపటికి ఆమె కూడ అక్కడికే వచ్చింది, మోకాళ్ల నిండ మట్టి. "జరుగక్కా, కాళ్లు కడుక్కుంట" అన్నది. ఇంక ఆగలేకపోయిన.

"ఆనాడు మేడంకు ఎందుకు చెప్పలేదు?"

"ఏ నాడు?"

"మీ ఇంటికాడ. నేను మీ అమ్మకు తప్పు చెప్పిన గదా."

ఆమె కాలు కడుక్కుంటనే ఉన్నది. "చెప్తే ఏమైతుండె? మీరిద్దరు కొట్లాడుకొని బస్సెక్కి పోతుంటిరి. నేను ఆడనే ఉండిపోదును. నాకు రావాలెనుండె."

"నన్ను కాపాడినవనుకున్న ఇన్ని రోజులు."

"నిన్నెందుకు కాపాడుత?" అన్నది. ఎక్కిరింపు లేదు ఆ మాటల, నిజంగనే సమజు కాక అడిగింది. తర్వాత బూట్లు దులుపుకుంట, "అయినా మా అమ్మకు తెలుగు వస్తది. సంతల చింతపండు, ఆకులు ఏ మాటల అమ్ముతది? మేడం చెప్పింది మొత్తం సమజైంది ఆమెకు. నన్ను పంపబుద్ధి కాక నువ్వన్నదాన్ని పట్టుకున్నది."

"మరి ఎట్ల ఒప్పుకున్నది?"

"పంపకుంటె తెల్లారి బస్సెక్కి నేనే పోత అని చెప్పిన." అని, తడి కాళ్లతోని పిల్లల దిక్కు ఉరికింది.

నల్ల కట్టెయ్యకుంట అక్కడనే నిలబడ్డ. ఏడాది పొడుగూత నేను మోసిన తప్పుకు బరువే లేదు. నేను నిజం చెప్పినా, అబద్ధం చెప్పినా, అక్కడ లేకపోయినా ఆ ఇంట్ల జరిగేది అదే. ఆ ముగ్గురి నడుమ నేను ఉత్త గాలి. మనిషి చేసిన చెడుకు కూడ విలువ లేదంటే అదొక తీరు అవమానం.

ఆ పొద్దే యూనివర్సిటీ టీంకు మా కాలేజీ నుంచి ఒక్క పేరే పిలిచిన్రు. ఆ తర్వాత ముచ్చట పొడుగు లేదు. జోగమ్మ ఆడింది, వ్యాయామ విద్య చదివింది, చర్ల దిక్కే ఆడపిల్లల స్కూల్ల చేరింది, అక్కడనే ఉన్నది. మేడం నాకు పండుగలకు కార్డు ముక్క రాసేది, దాంట్ల సగం జోగమ్మ సంగతులే. నాయిన పోయినప్పుడు జోగమ్మ నాకంటే ముందు చేరుకున్నది. దగ్గర గదా. ఆయన ఆఖరి వారం ఆమెను గుర్తుపట్టిండట. మేడం కూడ పోయింది ఇప్పుడు. ఎవరు ఎవర్ని ఎక్కువ మెచ్చిన్రని తేల్చేతందుకు ఆ కాలం మనిషి ఒక్కరు మిగల్లేదు. లెక్క మాత్రం నా లోపల అట్లనే నడుస్తుంది.

సన్మానానికి కిరాయి కారు మాట్లాడుకొని పోయిన. అప్పుడు పొద్దంత పట్టిన తొవ్వ ఇప్పుడు రెండు పూటల భోజనాల నడుమ అయిపోతుంది. నడుమ పోలీసు క్యాంపు కాడ ఆపి, ఎక్కడికని అడిగిన్రు. జోగమ్మ మేడం ఫంక్షనుకు అంటే, ఆ పోలీసు పిల్లగాడు నవ్వి, "మా అక్క ఆమె దగ్గరనే ఆడింది, పోండ్రి" అన్నడు. స్కూల్ గేటు కాడ రంగు రంగు జెర్సీలు, కాళ్లకు మంచి బూట్లు వేసుకున్న పిల్లలు. ఆ లోపలి ఊళ్ల తండ్రులు బండ్ల మీద కూతుళ్లను ఎక్కించుకొని వాళ్లంతట వాళ్లే తెస్తున్నరట, మా బిడ్డ తన్ను చూడండ్రి మేడం అని. ఊరూరు తిరిగి బతిమాలిన మాకు ఎంత తేడా. జోగమ్మ పట్టుచీరల, దండల నడుమ, ఎప్పటిలెక్కనే స్థిమితంగ కూసున్నది.

ఒక్కొక్కరు లేచి మాట్లాడుతున్నరు. హెడ్మాస్టరు మాట్లాడిండు. నర్సు నౌకరు చేసే ఒక పిల్ల మాట్లాడలేక ఏడ్చి దిగింది. నేను నాలుగు మంచి మాటలు కాయితం మీద రాసుకపోయిన. మైకు చేతికి వచ్చేసరికి ఆ మొఖాలన్ని ఆమె దిక్కే చూస్తున్నయి. కాయితం మడిచి సంచిల పెట్టిన. "ఈ జోగమ్మను చదువు నుంచి, ఆట నుంచి దూరం చెయ్యాలని చూసిన పాపాత్మురాలిని నేను" అని మొదలుపెట్టిన. తడిక ఇల్లు, ఇప్పపువ్వు, చేట, నా అబద్ధం, ఆమె చెంబుల నీళ్లు, ఆమె నన్ను కాపాడుడు, అన్నీ చెప్పిన. గొంతు వణికింది, అది దొంగ వణుకు కాదు. అయిపోయినంక చప్పట్లు ఆగలేదు. హెడ్మాస్టరు లేచి నా చేతులు పట్టుకొని, "ఎంత గొప్ప మనసమ్మా, ఇంత మందిల ఒప్పుకున్నరు" అన్నడు. పిల్లలు నాతోని ఫొటోలు దిగిన్రు. నా కండ్లల్ల నీళ్లు, కడుపుల హాయి.

భోజనాలకాడ జోగమ్మ నా పక్కన కూసున్నది. నా ఆకుల పెరుగు వడ్డించి, "మంచిగ మాట్లాడినవక్కా" అన్నది.

"నిజమే చెప్పిన గదా."

"సగం చెప్పినవు. మా అమ్మకు తెలుగు వస్తదన్న ముచ్చట ఎటుపాయె?"

నేను అన్నంల పెరుగు కలుపుకున్న.

"అది చెప్తే నీ తప్పు చిన్నగైతది. చిన్న తప్పుకు గన్ని చప్పట్లు రావు" అన్నది. కోపం లేదు. వరంగల్ల నల్ల కాడ మాట్లాడిన గొంతే. "పానమంత పెట్టి చేసిన నౌకరికి ఒక్క పూట ఇచ్చిన్రు నాకు. అక్క రెండు మాటలు నా గురించి చెప్తదనుకున్న. నీ గురించి చెప్పుకుంటివి." అని లేచి, "పెరుగుల ఉప్పు తక్కువైంది, వేసుకో" అనుకుంట చెయ్యి కడుక్కోపోయింది.

ఆమె అన్నది నిజమే. ఒప్పుకునుడు కూడ పోటీకి దిగుడే అయింది. నలభై ఏండ్లు నాకు అర్థం కాని సంగతి ఆమెకు ఒక్క పూటల దొరికింది. లేకుంటే ఎప్పుడో తెలుసునో, చెప్పే అవసరం పడలేదో.

పొద్దు వాలుతుంటే పిల్లలు ఆమెను గ్రౌండుకు గుంజుకపోయిన్రు. మోకాలు నొస్తుందని మొత్తుకున్నా ఇడిసిపెట్టలేదు. చెప్పులు ఇడిసి, పట్టుచీర కుచ్చిళ్లు పైకి దోపుకొని, బంతిని చేతుల నుంచి ఇడిసి తన్నింది. ఎనకటి అంత దూరం పోలేదు. సగం గ్రౌండు దాటి పడ్డది. పిల్లలు అరిచి గంతులేసిన్రు, ఫోన్లు లేపిన్రు, ఆమె చుట్టు మూగిన్రు. నేను ఎనుక, కుర్చీలు మడుస్తున్న మనుషుల పక్కన నిలబడి చప్పట్లు కొట్టిన. ఒక్కరు కూడ నా దిక్కు చూడలేదు. అది నొచ్చింది. అయినా చేతులు ఆపలేదు.